రైట్ బ్యాక్ చూసిన ఆట

(వ్యాయామ విద్య చదువుతున్న విద్యార్థులు, స్కూలు పీఈటీలు హాజరైన సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఆటగాడు కోచ్‌గా మారడం గురించి మాట్లాడమన్నారు నన్ను. దాని మీద గంటసేపు నీతులు చెబితే మీకు నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. అందుకని ఒక్క మనిషిని పట్టుకుంటాను. స్టీవ్ చెరుండోలో. అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు, వాళ్ళు సాకర్ అంటారు. ఈ పేరు ఎంతమంది విన్నారు? ఇద్దరా? సరే, నేననుకున్నదానికంటే ఇద్దరు ఎక్కువే. మెస్సీ గురించి చెప్పాలంటే నేనెందుకు, మీ చేతుల్లో ఫోన్లున్నాయి.

చెరుండోలోనే ఎందుకంటే, ఆయన 2022లో లాస్ ఏంజెలెస్ ఎఫ్‌సీకి హెడ్ కోచ్‌గా వచ్చాడు, వచ్చిన మొదటి ఏడాదే అమెరికా పెద్ద లీగ్ ఎంఎల్ఎస్‌లో అగ్రస్థానం, ఆపైన ఫైనల్ గెలిచినవాళ్ళకి ఇచ్చే ఎంఎల్ఎస్ కప్పు, రెండూ కొట్టాడు. అప్పుడు చాలామంది "అదృష్టం, తయారుగా ఉన్న జట్టు దొరికింది" అన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ నా లెక్కలో ఆయన కోచింగ్ 2022లో మొదలవలేదు. కాలికి బూట్లు కట్టుకుని ఆడుతున్న రోజుల్లోనే సగం అయిపోయింది. అది ఎక్కడ జరిగిందో చెప్తాను.

పుట్టింది 1979లో, ఇలినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్. పెరిగింది శాన్ డియేగోలో. చదువుకి పోర్ట్‌లండ్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడ ఫుట్‌బాల్ కోచ్ క్లైవ్ చార్ల్స్. ఆయన ఇంగ్లండువాడు, వెస్ట్ హామ్‌కీ కార్డిఫ్‌కీ ఆడి అమెరికా వచ్చి స్థిరపడినవాడు. గుర్తుపెట్టుకోండి, ఆయన కూడా చెరుండోలోలాగే ఫుల్ బ్యాకే, అంటే వెనక వరసలో అంచున కాపు కాసేవాడు. ఆ యూనివర్సిటీలో అబ్బాయిల జట్టుకీ అమ్మాయిల జట్టుకీ ఆయనే కోచ్.

రెండు సీజన్లు ఆడాక చెరుండోలో చదువు మధ్యలో వదిలేసి 1999 మొదట్లో జర్మనీ వెళ్ళాడు. వెళ్ళింది బయర్న్ మ్యూనిక్‌కి కాదు. హానోవర్ 96 అని, అప్పట్లో రెండో డివిజన్‌లో ఆడుతున్న జట్టు. వయసు ఇంకా ఇరవై నిండలేదు. మన ఇళ్ళల్లో పిల్లల్ని అమెరికా పంపడానికి అప్పులు చేస్తాం. వీడేమో అమెరికా నుంచి బయటికి, అదీ చలిదేశంలో రెండో డివిజన్‌కి. ఎందుకు? అమెరికాలో ఎంఎల్ఎస్ లీగ్ 1996లో మొదలైంది. అప్పటికి మూడు సీజన్లే నడిచింది, ఉన్నవి పన్నెండే జట్లు. ఆట గట్టిగా నేర్చుకోవాలంటే యూరప్ పోవాలి. పోయాడు.

పోయినవాడు మళ్ళీ కదల్లేదు. 2002లో రాల్ఫ్ రాంగ్నిక్ కోచ్‌గా ఉండగా హానోవర్ మొదటి డివిజన్‌కి, అంటే బుండెస్‌లీగాకి ఎక్కింది. చెరుండోలో దాంతోపాటే ఎక్కాడు. 2014 మార్చిలో మోకాలు ఇక సహకరించక ఆట మానేసేదాకా, పదిహేనేళ్ళు, అదే క్లబ్బు. బుండెస్‌లీగాలోనే మూడొందలకు పైగా మ్యాచ్‌లు. ఊళ్ళో వాళ్ళు ఆయన్ని "హానోవర్ మేయర్" అని పిలిచేవాళ్ళు. ఎన్నికల్లేకుండా.

ఇప్పుడు ఆయన ఆడిన స్థానం దగ్గర కాసేపు ఆగుదాం. రైట్ బ్యాక్. మీ స్కూళ్ళలో జట్లు పంచేటప్పుడు ఎవరికీ అక్కర్లేక ఆఖరున మిగిలినవాణ్ణి ఎక్కడ నిలబెడతారు? గోల్‌లో. ఇంకొకడు మిగిలితే వెనకాల ఓ పక్కకి. నవ్వుతున్నారంటే మీరూ అదే చేస్తున్నారన్నమాట. గోల్ కొట్టేవాడికి చప్పట్లు, ఆపేవాడికి ఓ మోస్తరు చప్పట్లు, పక్కన పరిగెత్తేవాడికి చొక్కాకి మట్టి.

కానీ ఆ స్థానం నుంచి ఆట ఎలా కనిపిస్తుందో చూడండి. మధ్యలో ఆడేవాడికి నలుదిక్కులా మనుషులే. వాడు తల తిప్పుతూనే ఉండాలి. రైట్ బ్యాక్‌కి కుడివైపు గీత తప్ప ఇంకేం లేదు. మైదానం మొత్తం ఎడమ చేతివైపు, కళ్ళ ముందు పరుచుకుని ఉంటుంది. బంతి అవతలి అంచున ఉన్నప్పుడు చూడ్డానికి అరక్షణం టైమ్ కూడా దొరుకుతుంది. ఆ అరక్షణంలో ఎవడు ఎటు జారుకుంటున్నాడో లెక్క కట్టినవాడు బతుకుతాడు, దిక్కులు చూసినవాడు దొరికిపోతాడు. చెరుండోలో ఎత్తు ఎంతనుకున్నారు? 168 సెంటీమీటర్లు. జర్మన్ ఫార్వర్డ్‌లు ఆరడుగులు దాటి ఉంటారు. గాల్లో వాళ్ళతో గెలవలేడు. అందుకని బంతి గాల్లోకి లేవకముందే అక్కడ ఉండాలి. పొట్టివాడికి ముందుచూపు తప్ప వేరే దారి లేదు.

ఒక మ్యాచ్ చెప్తాను. 2010 జూన్ 12, దక్షిణాఫ్రికాలోని రస్టెన్‌బర్గ్. ప్రపంచకప్‌లో అమెరికాకి మొదటి ఆట, ఎదురుగా ఇంగ్లండ్. నాలుగో నిమిషంలోనే ఇంగ్లండ్ ఆటగాడు గెరార్డ్ గోల్ కొట్టేశాడు. ఇంగ్లండ్ తరఫున ఎడమ అంచున, అంటే చెరుండోలోకి సరిగ్గా ఎదురుగా, జేమ్స్ మిల్నర్. మిల్నర్ అంటే మామూలోడు కాదు, అలుపు తెలీని మనిషని పేరు. ఆ వారం ఒంట్లో బాగాలేదని కూడా అన్నారు, అది ఒప్పుకోవాలి. చెరుండోలో ఏం చేశాడంటే, అతన్ని ఆపుతూ వెనకాల కూర్చోలేదు. బంతి దొరికినప్పుడల్లా అతని మీదికే వెళ్ళాడు. ముందుకు దాడి చెయ్యాల్సిన మిల్నర్ వెనక్కి తిరిగి వెంటపడాల్సొచ్చింది. వెంటపడి, అందక, ఫౌల్ చేసి ఎల్లో కార్డు తిన్నాడు. అరగంట అయిందో లేదో ఇంగ్లండ్ కోచ్ కపెల్లో అతన్ని బయటికి పిలిచేసి షాన్ రైట్-ఫిలిప్స్‌ని పంపాడు. ప్రపంచకప్ మ్యాచ్‌లో దెబ్బ తగలకుండా ఒకణ్ణి అరగంటకే బయటికి పిలిచారంటే వాడికి ఎంత అవమానమో, ఎదురుగా ఆడినవాడికి అంత మార్కు.

ఆ మ్యాచ్ 1-1తో ముగిసింది. దాన్ని ఇంగ్లండ్ గోల్‌కీపర్ గ్రీన్ చేతుల్లోంచి జారిపోయిన డెంప్సీ షాట్ కోసమే అందరూ గుర్తుపెట్టుకున్నారు. అది సహజం. మీరు మాత్రం వీలైతే ఆ మొదటి అరగంట కుడి అంచు మాత్రమే చూస్తూ మళ్ళీ చూడండి. ఆ రోజు అమెరికా కోచ్ బాబ్ బ్రాడ్లీ. ఈ పేరు తర్వాత మళ్ళీ వస్తుంది.

ప్రపంచకప్‌ల లెక్క తొందరగా చెప్పేస్తాను. 2002లో కొరియా దాకా వెళ్ళి అక్కడ ప్రాక్టీస్‌లో దెబ్బ తగిలి ఒక్క నిమిషం ఆడలేదు. 2006, 2010 ఆడాడు. దేశం తరఫున మొత్తం 87 మ్యాచ్‌లు.

అసలు విషయం హానోవర్‌లో ఉంది. 2009 నవంబర్ 10. ఆ జట్టు గోల్‌కీపర్ రాబర్ట్ ఎంకే ప్రాణం తీసుకున్నాడు. జర్మనీ జాతీయ జట్టు గోల్‌కీపర్. ఏళ్ళ తరబడి డిప్రెషన్ ఉంది, బయటికి తెలిస్తే ఆట పోతుందన్న భయంతో దాచుకుంటూ వచ్చాడు. అయిదు రోజుల తర్వాత స్టేడియంలో సంతాప సభ పెడితే నలభై వేల మంది దాకా వచ్చారు. శవపేటిక మైదానం మధ్యలో ఉంది. జట్టువాళ్ళంతా అక్కడే కూర్చున్నారు.

ఆ తర్వాతి వారం మ్యాచ్ ఉంది. లీగ్ ఆగదు కదా. మళ్ళీ మళ్ళీ ఓడిపోయారు. డిసెంబర్‌లో గ్లాడ్‌బాక్ అనే జట్టుతో ఒకే ఆటలో మూడు సెల్ఫ్ గోల్స్ వేసుకున్నారు. నవ్వొచ్చే విషయంలా ఉంటుంది, ఆ జట్టు పరిస్థితి తెలిస్తే నవ్వురాదు. జనవరిలో కోచ్‌ని తీసేశారు. కొత్తగా మిర్కో స్లోమ్కా వచ్చాడు, ఆయన కింద కూడా వరసగా ఓటములే. ఏప్రిల్‌లో బయర్న్ చేతిలో 7-0. అంతా అయిపోయిందనుకున్నారు. రెండు వారాలకి అదే గ్లాడ్‌బాక్‌ని 6-1తో కొట్టారు. ఆఖరి రోజు, మే 8న, బోకుమ్‌కి వెళ్ళి 3-0తో గెలిచి కింది డివిజన్‌కి పడకుండా నిలబడ్డారు. వీళ్ళు నిలబడ్డారు, బోకుమ్ పడిపోయింది.

ఆ సీజన్ అయ్యాక కెప్టెన్ పట్టీ చెరుండోలో చేతికి వచ్చింది. ఆలోచించండి. జర్మన్ క్లబ్బు, జర్మన్ డ్రెస్సింగ్ రూమ్, అంత దెబ్బ తిన్న మనుషులు. వాళ్ళ ముందు నిలబడి మాట్లాడాల్సినవాడు ఒక అమెరికన్. పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాడు కాబట్టి, వాళ్ళ భాషలోనే మాట్లాడేవాడు కాబట్టి ఎవరికీ పరాయివాడనిపించలేదు. ఆ మరుసటి ఏడాదే, 2010-11లో, పడిపోబోయిన ఆ జట్టు లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. దాని తర్వాతి ఏడాది యూరప్ దేశాల క్లబ్బులు ఆడే యూరోపా లీగ్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా పోయి అట్లెటికో మాడ్రిడ్ చేతిలో ఓడింది. కోచింగ్ సగం అప్పుడే అయిపోయిందని మొదట్లో అన్నాను చూడండి, ఈ మూడేళ్ళ గురించే. ఓడుతున్న జట్టులో లోపల ఏం జరుగుతుందో, ఎవడు మాట్లాడ్డం మానేస్తాడో, ఎవడు అతిగా జోకులేస్తాడో ఆయన దగ్గర్నుంచి చూశాడు. ఏ లైసెన్సు కోర్సులోనూ అది సిలబస్‌లో ఉండదు.

లైసెన్సు కూడా చేశాడు లెండి, జర్మనీలోనే. అది అంత తేలిగ్గా ఇవ్వరు.

2014లో ఆట మానేశాక ఏం జరిగింది? పెద్ద పోస్టేం రాలేదు. హానోవర్‌లోనే కుర్రాళ్ళ జట్లకి నేర్పాడు, సీనియర్ జట్టుకి అసిస్టెంట్‌గా చేశాడు. 2018లో స్టుట్‌గార్ట్‌లో తైఫున్ కోర్కుట్ కింద అసిస్టెంట్. ఆ కోచ్‌ని తీసేసినప్పుడు ఈయన పదవీ పోయింది. అసిస్టెంట్ బతుకు అంతే, గెలుపు ఇంకొకరిది, ఉద్యోగం పోవడం మాత్రం ఇద్దరిదీ. ఇలా ఏడేళ్ళు గడిచాయి. ఊరికి మేయరు అనిపించుకున్న మనిషి పదిహేనేళ్ళ కుర్రాళ్ళకి కోన్లు పెట్టి పాసింగ్ చెప్పాడు.

2021లో మొదటిసారి హెడ్ కోచ్ అయ్యాడు. ఎక్కడ? లాస్ వేగాస్ లైట్స్. అమెరికాలో రెండో శ్రేణి లీగ్. బేస్‌బాల్ కోసం కట్టిన పాత మైదానంలో ఆడే జట్టు. ఆ ఏడాది ఆ జట్టు లాస్ ఏంజెలెస్ ఎఫ్‌సీకి అనుబంధంగా నడిచింది, అంటే పైజట్టులో చోటు దొరకని కుర్రాళ్ళని ఆడించి రాటుదేల్చే చోటు. గెలిచినవి తక్కువ, ఓడినవి చాలా ఎక్కువ. పాయింట్ల పట్టిక మాత్రమే చూసేవాడైతే ఆ కోచ్‌ని ఇంటికి పంపేవాడు. లాస్ ఏంజెలెస్ వాళ్ళు పట్టిక చూడలేదు, కుర్రాళ్ళని చూశారు. అదే సమయంలో పైజట్టు కోచ్ వెళ్ళిపోయాడు. ఎవరాయన? బాబ్ బ్రాడ్లీ. రస్టెన్‌బర్గ్‌లో తనని ఆడించిన కోచ్ ఖాళీ చేసిన కుర్చీలోకి చెరుండోలో వచ్చాడు.

(సభలోంచి ఒకరు: "సార్, అంటే పెద్ద స్టార్ ఆటగాళ్ళు మంచి కోచ్‌లు కాలేరంటారా?")

కాలేరని ఎలా అంటాం, క్రైఫ్ అయ్యాడు, జిదాన్ అయ్యాడు. కానీ స్టార్‌కి ఒక ఇబ్బంది ఉంటుంది. తనకి పుట్టుకతో వచ్చినదాన్ని ఇంకొకడికి ఎలా చెప్పాలో తెలీదు. "అలా కొట్టెయ్, అంతే" అంటాడు. కష్టపడి లెక్కగట్టుకుని ఆడినవాడికి ఆ లెక్క చెప్పడం వస్తుంది. మన హైదరాబాద్ రహీం సాబ్‌నే తీసుకోండి. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన పేరు చెప్తే గోల్స్ గుర్తుకురావు, బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు గుర్తొస్తారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం, రెండూ ఆయన కోచింగ్‌లోనే. ఆయన మీద వేరే రోజు మాట్లాడుకుందాం, ఇప్పుడు మొదలుపెడితే ఇవాళ ఇంటికి పోం.

2022కి వద్దాం. బ్రాడ్లీ జట్టు బంతిని దగ్గరే ఉంచుకుని ఆడేది. చెరుండోలో వచ్చాక ఆట కొంచెం సూటిగా మారింది. బంతి గుంజుకోగానే వేగంగా ముందుకి. జూలైలో ఇద్దరు పెద్దవాళ్ళొచ్చారు, ఇటలీ నుంచి కియెల్లినీ, వేల్స్ వీరుడు గారెత్ బేల్. బేల్ వచ్చాడంటే స్టేడియం ఊగిపోయింది. కోచ్ ఏం చేశాడు? ఎక్కువగా బెంచీ మీద కూర్చోబెట్టి ఆఖర్లో దించాడు. ఒంటికి ఎంత శక్తి మిగిలుందో అంతే వాడాడు. అభిమానులకి నచ్చలేదు. లీగ్ ముగిసేసరికి ఫిలడెల్ఫియా యూనియన్‌కీ వీళ్ళకీ సమానంగా 67 పాయింట్లు. గెలిచిన మ్యాచ్‌లు ఎక్కువ కాబట్టి అగ్రస్థానానికి ఇచ్చే షీల్డ్ వీళ్ళకి దక్కింది.

ఫైనల్ మళ్ళీ అదే ఫిలడెల్ఫియాతో. నవంబర్ 5, లాస్ ఏంజెలెస్. అవతల కోచ్ జిమ్ కర్టిన్, ఈయనా అమెరికన్ ఆటగాడే, షికాగోకి సెంటర్ బ్యాక్‌గా ఆడినవాడు. ఇద్దరు డిఫెండర్లు కోచ్‌లైతే ఫైనల్ 0-0 అవ్వాలి కదా? 3-3 అయింది. 83వ నిమిషంలో లాస్ ఏంజెలెస్ 2-1తో ముందుకి, రెండు నిమిషాల్లో ఫిలడెల్ఫియా ఆటగాడు జాక్ ఎలియట్ సమం చేశాడు. ఎక్స్‌ట్రా టైమ్. లాస్ ఏంజెలెస్ గోల్‌కీపర్ క్రెపో ముందుకి ఉరికి అవతలి ఫార్వర్డ్‌ని ఢీకొట్టాడు. కాలు విరిగింది. పైగా రెడ్ కార్డు. స్ట్రెచర్ మీద బయటికి మోశారు. ఆ నెలలోనే ప్రపంచకప్‌కి కెనడా తరఫున వెళ్ళాల్సినవాడు, అదీ పోయింది.

ఇప్పుడు కోచ్ చెయ్యాల్సింది, బెంచీ మీదున్న రెండో గోల్‌కీపర్‌ని లోపలికి పంపి, బదులుగా ఆడుతున్న ఒకణ్ణి బయటికి లాగడం. లోపల పదిమంది. వచ్చిన గోల్‌కీపర్ జాన్ మెకార్తీ. పుట్టింది ఫిలడెల్ఫియాలో, గతంలో అదే ఫిలడెల్ఫియా జట్టుకి ఆడాడు. ఎలియట్ 124వ నిమిషంలో ఇంకో గోల్ కొట్టాడు, 3-2. టెన్షన్ అంటే ఇది. స్టేడియంలో కొందరు లేచి వెళ్ళిపోవడానికి సిద్ధపడే టైమ్.

128వ నిమిషం. ఎడమ అంచు నుంచి క్రాస్ వచ్చింది, బేల్ గాల్లోకి లేచి తలతో కొట్టాడు. 3-3. అందరూ బేల్ గురించే రాశారు, తప్పులేదు, క్లబ్బు ఫుట్‌బాల్‌లో అతని ఆఖరి గోల్ అది. నేను చూసేది ఆ క్రాస్ వేసినవాణ్ణి. డియేగో పలాసియోస్. లెఫ్ట్ బ్యాక్! పదిమందితో ఆడుతూ, రెండు గంటలకు పైగా పరిగెత్తాక, ఫుల్ బ్యాక్ అంత ముందుకొచ్చి క్రాస్ వేశాడంటే అది ఆ రోజు పుట్టిన తెగింపు కాదు. ప్రాక్టీస్‌లో అలవాటు చేసిన పని. పక్కన నిలబడి చూస్తున్న కోచ్‌కి ఆ క్రాస్ విలువ బేల్ హెడర్‌కంటే ముందే తెలిసుంటుందని నా నమ్మకం.

పెనాల్టీల్లో లాస్ ఏంజెలెస్ మొదటిది పోగొట్టుకుంది. కానీ ఫిలడెల్ఫియా ఒక్కటీ వెయ్యలేకపోయింది. మెకార్తీ రెండు ఆపాడు, ఒకటి పైకి పోయింది. 3-0. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ పది నిమిషాలు కూడా సరిగ్గా ఆడని రెండో గోల్‌కీపర్‌కి.

ఇక్కడితో ఆపితే సినిమా. కానీ తర్వాతి కథ కూడా చెప్పాలి. 2023లో ఆ జట్టు మొత్తం 53 మ్యాచ్‌లు ఆడింది, ఫైనల్స్ అన్నీ ఓడింది. ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ క్లబ్బులు ఆడే కాంకకాఫ్ చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో మెక్సికో జట్టు లియోన్ చేతిలో, డిసెంబర్‌లో ఎంఎల్ఎస్ కప్ ఫైనల్‌లో కొలంబస్ చేతిలో 2-1. 2024లో అమెరికా, మెక్సికో లీగ్‌ల జట్లు ఆడే లీగ్స్ కప్ ఫైనల్‌లో మళ్ళీ కొలంబస్ చేతిలోనే, 3-1. ఆ ఏడాది యూఎస్ ఓపెన్ కప్ ఒక్కటి దక్కింది. కొలంబస్ కోచ్ విల్‌ఫ్రిడ్ నాన్సీ జట్టు బంతిని తొణక్కుండా చేతులు మార్చుకున్నట్టు పాస్ చేసుకునేది. ఎదుటివాడు తప్పు చేస్తే పట్టుకుందామని చూసే జట్టుకి, తప్పే చెయ్యనివాడు ఎదురైతే చెయ్యడానికేం ఉండదు. ఇది చెరుండోలో కోచింగ్‌లో ఉన్న లోటు అని నేనంటాను. రైట్ బ్యాక్ బుర్ర ఎదుటివాడి కదలికకి జవాబు చెప్పడంలో దిట్ట. ప్రశ్న తనే వెయ్యాల్సొచ్చినప్పుడు కొంచెం తడబడుతుంది.

2025 ఏప్రిల్‌లోనే చెప్పేశాడు, ఈ సీజన్ అవ్వగానే కుటుంబంతో జర్మనీ వెళ్ళిపోతానని. ఎవరూ పొమ్మనలేదు. వెళ్ళిపోతాడని తెలిసిన కోచ్ మాట ఆటగాళ్ళు వింటారా అని అడిగినవాళ్ళున్నారు. విన్నారు. మే 31న "క్లబ్ అమెరికా" అనే మెక్సికో జట్టుతో ఒకే ఒక్క మ్యాచ్, గెలిచినవాళ్ళకి క్లబ్ వరల్డ్ కప్‌లో చోటు. 89వ నిమిషం దాకా వెనకబడి ఉండి ఎక్స్‌ట్రా టైమ్‌లో 2-1తో గెలిచారు. ఆగస్టులో దక్షిణ కొరియా స్టార్ సన్ హ్యూంగ్-మిన్ వచ్చాడు. సన్ కుర్రతనమంతా జర్మనీలో గడిచింది, చెరుండోలో ఆఖరి సీజన్లలో ఇద్దరూ ఒకే లీగ్‌లో ఎదురెదురుగా ఆడినవాళ్ళు. కాలిఫోర్నియాలో ఒక కొరియన్, ఒక అమెరికన్ కలిస్తే జర్మన్‌లో మాట్లాడుకోగలరు.

నవంబర్ 22న వాంకూవర్‌లో ఆఖరి మ్యాచ్. సగం అయ్యేసరికి 2-0తో వెనక. సన్ రెండు కొట్టాడు, రెండోది ఇంజురీ టైమ్‌లో ఫ్రీకిక్. పెనాల్టీల్లో సన్ కొట్టినది స్తంభానికి తగిలింది, ఓడిపోయారు. ఆ తర్వాత చెరుండోలో అసిస్టెంట్ మార్క్ డోస్ శాంటోస్‌నే హెడ్ కోచ్‌ని చేశారు.

చెరుండోలోకి ఇంకా యాభై నిండలేదు, కోచ్‌కి అది చిన్న వయసే. హానోవర్ 96 2019లో మళ్ళీ రెండో డివిజన్‌కి పడింది, 2025 దాకా పైకి రాలేకపోయింది. ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అయినా ఆ ఊళ్ళో మొదట వినిపించే పేరు ఈయనదే అవుతుంది. నన్నడిగితే వెళ్ళకూడదంటాను. సొంత ఊళ్ళో కోచ్‌గా ఓడినవాడికి పాత పేరు కూడా మిగలదు. మీరేమంటారు? ఆ వెనక చెయ్యెత్తిన అమ్మాయి, మైకు తీసుకోండమ్మా.